ఆ వాచీ బెల్టు దగ్గర కాస్త ఆగు

తమ్ముడూ,

నీ కథ చదివాను. నాలుగు పేజీల్లో ముగ్గురి కళ్లు చెమర్చాయి గానీ నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. "ఆ వాచీ చూడగానే నాన్న జ్ఞాపకాలు ముసురుకున్నాయి" అన్నావు. ఏ జ్ఞాపకాలు? పాఠకుడు నీ మాట నమ్మి ఊరుకోవాలి తప్ప, చూడ్డానికి అతనికేమీ లేదు.

చూపించగలిగింది ఉండి కూడా దాటేశావు. జబ్బు చేశాక ఆయన మణికట్టు సన్నబడిందని, బెల్టుకి ఇంకో రంధ్రం పెట్టాల్సొచ్చిందని ఒక్క ముక్కలో తేల్చేశావు. నేనైతే అక్కడే ఓ పేజీ ఖర్చు పెడతాను. ఆ రంధ్రం ఎవరు పెట్టారు? షాపులో పెట్టిస్తే గుండ్రంగా, మిగతావాటి వరసలో ఉంటుంది. ఇంట్లో మేకు కాల్చి పొడిస్తే అంచు నల్లబడి కాస్త పక్కకి పోతుంది. ఇప్పుడా వాచీ కొడుకు పెట్టుకుంటున్నాడు. అతని చెయ్యి లావు కాబట్టి పాత రంధ్రమే సరిపోతుంది, నల్ల అంచుది బకిల్ పక్కన ఖాళీగా కనబడుతుంటుంది. ఎవరైనా "బెల్టు మార్చకూడదూ?" అంటే అతనేం చెబుతాడు? అది రాయి. కన్నీళ్లు తీసెయ్.

"ఏళ్ల తరబడి వాడిన వస్తువు కదా" అని మాటిమాటికీ అంటున్నావు. మమకారానికి ఏళ్లతో పనిలేదు. మనుషులు డబ్బు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరిశోధించిన కానెమన్, థేలర్‌లు ఇంకొకరితో కలిసి 1990లో ప్రచురించిన ప్రయోగాలున్నాయి. విద్యార్థుల్లో కొందరికి మామూలు కాఫీ మగ్గులిచ్చి, ఎంతకి అమ్ముతారని అడిగారు. మగ్గు లేనివాళ్లు ఇస్తామన్నదానికి వీళ్లు అడిగింది సుమారు రెట్టింపు. మగ్గు చేతికొచ్చి కాసేపైనా కాలేదు! కాబట్టి వస్తువు వయసు చెప్పి తప్పించుకోకు, దానితో ఏం జరిగిందో చెప్పు.

ఇక వాసన. కొత్తగా రాసేవాళ్లందరూ దీన్ని పట్టుకుంటారు, నువ్వూ పట్టుకున్నావు. తప్పేం లేదు, మిగతా ఇంద్రియాల కబురు మెదడు మధ్యలో ఉండే థాలమస్ అనే భాగం మీదుగా వెళ్తే, వాసన మాత్రం మెదడులో భావోద్వేగాలు చూసుకునే అమిగ్డాలాకి నేరుగా చేరుతుంది. అయితే బట్టకి పట్టిన వాసన నిలవదు. పోయినవాళ్ల చొక్కా ఉతక్కుండా ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టుకునేవాళ్లని గమనించు. కవర్ తెరిచిన ప్రతిసారీ వాసన కొంచెం తగ్గుతుంది. అందుకని తెరవడం తగ్గిస్తారు. మనసు బాగోలేని రోజున కూడా తీసి, ముడి దాకా వచ్చి, మళ్లీ లోపల పెట్టేస్తారు. "ఆయన వాసన గుండెని తాకింది" కంటే ఇది ఎంత బరువైన విషయమో చూడు.

క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో తెగిపోయిన బంధాల మ్యూజియం ఒకటుంది. విడిపోయిన ఓ జంటే మొదలుపెట్టింది, 2010 నుంచి అక్కడే స్థిరంగా నడుస్తోంది. జనం తమ వస్తువుతో పాటు చిన్న కథనం కూడా ఇస్తారు. అక్కడో గొడ్డలి ఉంది. తనని వదిలి వేరొకరితో వెళ్లిపోయిన మనిషి ఫర్నిచర్‌ని, దాన్నిచ్చినవాళ్లు రోజుకొకటి చొప్పున ఆ గొడ్డలితో నరికారట. ఒక్కరోజులో అన్నీ నరికుంటే అది మామూలు కోపం. రోజుకొకటి అనేసరికి మనిషి కనబడతాడు. నీ కథలో నాకు కావాల్సింది అలాంటి వివరమే.

ఇంకో సంగతి. రెండో పేజీలో అక్క "ఆ వాచీ నాకొద్దు, నువ్వే ఉంచుకో" అంటుంది. తమ్ముడి మీద ప్రేమతో అన్నట్టు రాసి వదిలేశావు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ మేకు కాల్చింది ఆమే అయితే? ఈసారి కథ ఆమె వైపు నుంచి రాసి పంపు. తొందరేం లేదు.

ఆశీస్సులతో,
అన్నయ్య