కుక్కకు మన ఇంటి అన్నం పెట్టవచ్చా? ముందు ప్రసాదం, పులిహోర ఆపండి

కొత్తగా లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాం, మనం తినేదే పెట్టవచ్చా, చాక్లెట్ కాక ఇంకేమైనా ప్రమాదమా అని అడిగారు. చాక్లెట్ సంగతి ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలుగు ఇళ్లలో కుక్కలకు అసలు ముప్పు అది కాదని నా గట్టి నమ్మకం. కిస్‌మిస్, ఉల్లిపాయ, చింతపండు, వీటన్నిటికీ తోడు "మా కుక్కకు ఎప్పుడూ పెడతాం, ఏమీ కాలేదు" అనే మాట.

రాజమహేంద్రవరంలో మా అక్క వాళ్ల గృహప్రవేశం. సత్యనారాయణస్వామి వ్రతం జరుగుతోంది. ప్రసాదంలోకి తెచ్చిన కిస్‌మిస్ పొట్లాన్ని వంటింట్లో ఎవరో కింద పెట్టారు. అందరూ కథ వింటున్న సమయంలో అక్క వాళ్ల కుక్క బ్రూనో దాన్ని పెరట్లోకి లాక్కుపోయి మొత్తం తినేసింది. చిరిగిన కవరు కనబడగానే నాకు గుండె ఆగినంత పని అయింది. అక్కా బావగారూ పీటల మీద ఉన్నారు, లేవడానికి లేదు. అక్క అత్తగారు చాలా మంచి మనిషి, కుక్కంటే ప్రాణం. ఆవిడే నన్ను ఆపారు. "ఎండు ద్రాక్ష తింటే ఏమవుతుంది బాబూ? పోయిన కార్తీకంలో గిన్నెడు ప్రసాదం పెట్టాను, లక్షణంగా ఉంది. హారతి అయ్యాక వెళ్దువుగాని" అన్నారు. బ్రూనో నిజంగానే తోక ఊపుతూ తిరుగుతోంది. అయినా ఆటో పిలిచి, దాన్ని ఒళ్లో పెట్టుకుని బయలుదేరాను. చిరిగిన కవరు కూడా జేబులో పెట్టుకున్నాను, ఎంత తిన్నదో డాక్టరుకు తెలియాలి కదా.

డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి వాంతి చేయించారు. నీళ్లకు ఉబ్బి, గుండ్రంగా, నమలకుండా మింగినవి మింగినట్టే బయటపడ్డాయి. తరువాత సెలైన్ ఎక్కించారు, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూడడానికి క్రియాటినిన్ పరీక్ష మళ్లీ మళ్లీ చేశారు. అది పెరగలేదు. హారతి దాకా ఆగి ఉంటే కిస్‌మిస్ కడుపు దాటి పేగుల్లోకి వెళ్లిపోయి ఉండేదేమో, అప్పుడిక వాంతి చేయించినా లాభం తక్కువ. తిన్న రెండు గంటల లోపల ఉన్నంత అవకాశం తరువాత ఉండదు.

మరి పోయినసారి ఏమీ కాలేదెందుకు? ద్రాక్ష విషయంలో పశువైద్యులను ఏళ్ల తరబడి తికమక పెట్టింది ఇదే. ఒక కుక్క కొన్ని పళ్లకే మూత్రపిండాలు పోగొట్టుకుంటుంది, మరొకటి గుత్తి తిని తిరుగుతుంది. 2021లో అమెరికాలోని జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ నడిపే జంతువిష కేంద్రం వైద్యులు ఒక సమాధానం ముందుకు తెచ్చారు. పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో కలిపిన పిండిముద్ద తిన్న కుక్కకు అచ్చం ద్రాక్ష తిన్నట్టే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ ముద్దలో క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉంది, అంటే టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షలో ఉన్నదీ ఆ ఆమ్లమే. రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి అది ఎక్కువ తక్కువలు అవుతుంది కాబట్టే ఒకసారి తప్పించుకున్న కుక్క ఇంకోసారి తప్పించుకోకపోవచ్చు.

ఇప్పుడు మన సంగతి. చింతపండు పులుపంతా ప్రధానంగా టార్టారిక్ ఆమ్లమే. చింతపండు తిని మూత్రపిండాలు చెడిన కుక్కల గురించి కూడా ఆ అమెరికా వైద్యులే తరువాత రాశారు. అది చదివినప్పటి నుంచి పులిహోర, చారు, పులుసు కలిపిన అన్నం ఏ కుక్కకూ పెట్టనివ్వను. చారులో ఉండేదెంత అని వాదించేవారు ఉన్నారు. ఎంత అయితే ప్రమాదమో తేల్చి చెప్పగలిగినవారు నాకు ఇంతవరకు కనబడలేదు, అందుకే పెట్టను.

ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. పైగా లక్షణాలు కొన్ని రోజులకు గాని బయటపడవు. చిగుళ్లు పాలిపోయి, మూత్రం ముదురు రంగులో వచ్చేసరికి ఏం పెట్టామో మనకే గుర్తుండదు. మిగిలిన బిర్యానీ, కూర అడుగున మిగిలిన గుజ్జు పెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో తీపి కోసం వేసే జైలిటాల్ ఉంటే అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి కుక్క కూలబడవచ్చు. హ్యాండ్‌బ్యాగులు నేల మీద పెట్టకండి.

ఇంకో బాధ చెప్పాలి. కుక్కకు ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్, కుంటుతోందని ఐబుప్రొఫెన్ వేసేవారు చదువుకున్నవారే. మొదటిది కాలేయాన్ని, రెండోది కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఏదైనా మింగితే ఉప్పునీళ్లు పట్టించమనే సలహా మరీ ఘోరం. ఆ ఉప్పే ప్రాణం తీయగలదు. అపార్ట్‌మెంట్లలో మెట్ల కింద ఎలుకల మందు బిళ్లలు పెట్టి, కుక్కలు ఉన్న ఇళ్లకు ఒక్క మాట కూడా చెప్పని సంఘాలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బ్రోమాడయలోన్ అనే ఎలుకల మందు తిన్న కుక్క రెండు మూడు రోజులు మామూలుగానే ఉంటుంది, ఆ తరువాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. వెంటనే తీసుకెళ్తే విటమిన్ కె1తో కొన్ని వారాల్లో బయటపడుతుంది. మందు పెట్టెను తప్పకుండా వెంట తీసుకెళ్లండి, ఎందుకంటే అది జింక్ ఫాస్ఫైడ్ అనే మరో రకం ఎలుకల మందు అయితే చికిత్స వేరు.

మీ ప్రశ్నకు వస్తే, అన్నం పెట్టవచ్చు. పోపు, ఉప్పు, కారం లేకుండా ఉడికించిన అన్నం, ఎముకలు తీసిన కోడిమాంసం, ఉడికించిన గుడ్డు, గుమ్మడి, క్యారెట్. అయితే పిల్ల ఎదిగే వయసులో ఉంది కాబట్టి ఇవి ఒక్కటే చాలవు, కుక్కపిల్లల ఆహారమే ప్రధానంగా పెట్టి వీటిని కొంచెంగా కలపండి. మామిడికాయల కాలంలో టెంకలను మూత ఉన్న బుట్టలో వేయండి, లాబ్రడార్లు వాటిని మింగుతాయి, పేగుకు అడ్డం పడితే ఆపరేషనే. మీ ఊళ్లో రాత్రి పూట తీసి ఉండే పశువైద్యశాల ఏదో ఈ రోజే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.