ఆచెన్ వెళ్తున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి పిన్ని ఆశీస్సులు.

జర్మనీలోని ఆచెన్‌లో ఎం.ఎస్. సీటొచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. మన ఇంటి పిల్ల ఒక్కతే అంత దూరం చదువుకు పోతోందంటే ఎంత గర్వంగా ఉందో. ఫోన్ పెట్టేశాక గుండె గుబగుబలాడింది కూడా. చదువు గురించి నాకు బెంగ లేదు. నీ అంతట నువ్వు ఎవరినీ పలకరించవు, నా భయమంతా అదే. ఇంటర్‌లో హాస్టల్లో చేరినప్పుడు ఎవరైనా మాట కలుపుతారేమోనని దసరా సెలవుల దాకా చూశావు. జ్వరం వచ్చినా పక్క మంచం పిల్లకు చెప్పకుండా ముసుగు తన్ని పడుకున్నావు. అక్కడ అలా కుదరదమ్మా. జర్మనీలో ఊరికే వచ్చి పలకరించేవాళ్లు తక్కువ. నువ్వంటే గిట్టక కాదు, అడగనిదే జోక్యం చేసుకోకపోవడమే మర్యాద అనుకుంటారు. మొదటి మాట నీదే కావాలి.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. గదిలో దిగిన రెండు మూడు రోజుల్లోనే పక్క గదుల తలుపు తట్టి నీ పేరు చెప్పు. విద్యార్థులు ఒకరినొకరు ‘డూ’ (నువ్వు) అనుకుంటారు, ప్రొఫెసర్లనీ ఇంటి ఓనర్నీ మాత్రం ‘జీ’ (మీరు) అనాలి. ఫాఖ్‌షాఫ్ట్ అని మీ విభాగం విద్యార్థి సంఘం ఉంటుంది, వాళ్లు మొదట్లో కొత్తవాళ్ల కోసం పెట్టేవేవీ మానకు. పుట్టినరోజు శుభాకాంక్షలు ముందురోజు చెప్పకు, అపశకునమంటారు. నీ పుట్టినరోజుకు కేకు నువ్వే పట్టుకెళ్లాలి. హోటల్లో ఎవరి బిల్లు వాళ్లదే, అందరిదీ కట్టేయాలని చూడకు. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, నీ గ్లాసులో ఉన్నది యాపిల్ జ్యూసైనా సరే. తాగనని ఒక్కసారి చెబితే చాలు.

ఇక అసలు సంగతి. అక్కడికి వెళ్లిన మన పిల్లలు ఏళ్ల తరబడి చేస్తున్న తప్పు ఒకటుంది, మొహమాటానికి సరే అనడం. క్లాసులో ఒకమ్మాయి ‘శనివారం నాలుగింటికి మా ఇంటికి కాఫీకి రా’ అంటుంది. మన పిల్లకు ఆ రోజు కుదరదు. కాదంటే ఏమనుకుంటుందోనని ‘వస్తాలే’ అనేస్తుంది. మన దగ్గర ఆ మాట అన్నాక వెళ్లకపోయినా ఎవరూ లెక్కపెట్టరు. అక్కడ ఆ అమ్మాయి కేకు చేసి, బల్ల మీద వచ్చేవాళ్లెందరో అన్ని ప్లేట్లు, అన్ని కప్పులు పెట్టి కూర్చుంటుంది. ఒక కప్పు బోర్లించినట్టే ఉండిపోతుంది. సోమవారం కనిపిస్తే నిలదీయదు, మొహం మాడ్చుకోదు. మళ్లీ పిలవదు, అంతే. మనవాళ్లేమో ‘వీళ్లు మనతో కలవరు’ అని తీర్మానించి కూర్చుంటారు.

రాలేకపోతే అప్పటికప్పుడే చెప్పెయ్. ‘శనివారం కుదరదు, ఆదివారం మూడింటికి రానా?’ అని అడుగు. కాదన్నందుకు నొచ్చుకోరు. ఇంకో రోజు నువ్వే అడిగావు కనుక నీకు రావాలని ఉందని తెలుస్తుంది. వస్తానన్నావా, నాలుగంటే నాలుగే. ఐదు నిమిషాలు ఆలస్యమయ్యేలా ఉన్నా మెసేజ్ పెట్టు. నువ్వు పిలిచేటప్పుడూ రోజు, వేళ, చోటు మూడూ చెప్పాలి, ‘ఎప్పుడైనా కలుద్దాం’ అంటే ఆ రోజు ఎన్నటికీ రాదు. వాళ్లు డైరీ తీసి రెండు మూడు వారాల తరవాతి తేదీ చెబితే తప్పించుకుంటున్నారని చిన్నబుచ్చుకోకు. రాసుకున్నారంటే వస్తారు.

తిండి దగ్గరా ఇంతే. మనం రెండుసార్లు వద్దని మూడోసారి వడ్డించుకునేవాళ్లం. అక్కడ మొదటి ‘వద్దు’కే గిన్నె పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోతుంది. ఆకలేస్తే వడ్డించుకు తిను తల్లీ, కడుపు మాడ్చుకోకు.

స్నేహానికి కాలం పడుతుంది. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో ఒక లెక్క వేశాడు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారాలంటే 50 గంటలు, స్నేహితులనిపించుకోవడానికి 90, ప్రాణస్నేహానికి 200 గంటల పైనే కలిసి గడపాలట. పక్కపక్కన కూర్చుని పనిచేసిన గంటలు అంతగా కలిసిరావట కూడా. నువ్వు వారానికి గంటన్నర బ్యాడ్మింటన్‌కు వెళ్తే 14 వారాల సెమిస్టర్‌కు 21 గంటలే. అందుకే ఆట అవగానే బ్యాగు తగిలించుకుని గదికి పరుగెత్తకు. ‘ఏమైనా తాగుదామా’ అని అడిగి ఇంకో గంట కూర్చో, స్నేహం కలిసేది ఆ గంటలోనే. యూనివర్సిటీ క్రీడా విభాగం క్లాసులకు ఆన్‌లైన్‌లో పేరిస్తారు, గిరాకీ ఉన్నవి నిమిషాల్లో నిండిపోతాయి. లాగిన్ ముందే చేసుకుని తెరిచే వేళకు సిద్ధంగా కూర్చో. వారంవారం ఇచ్చే లెక్కల షీట్లు చాలా సబ్జెక్టుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి చేసి ఇవ్వొచ్చు. ఆ జట్టులో అందరూ తెలుగువాళ్లే ఉండకుండా చూసుకో.

తెలుగువాళ్లను వదిలెయ్యమనడం లేదు. జ్వరమొస్తే చారు కాచిపెట్టేది వాళ్లే, బతుకమ్మకూ ఉగాదికీ తప్పకుండా వెళ్లు. కానీ నలుగురూ ఒకే వంటగదిలో రెండేళ్లు గడిపేస్తే, చదువయ్యాక ఒకరు మ్యూనిక్‌కు, ఒకరు బెర్లిన్‌కు ఉద్యోగాలకు పోతారు. మిగిలినవాళ్లకు ఆ ఊళ్లో పలకరించే మనిషుండడు. జర్మన్ భాషకు ఫోక్స్‌హోఖ్‌షూలే అనే ఊరి వయోజన విద్యాకేంద్రంలో ఫీజు తక్కువ. నీలాగే కొత్తగా వచ్చిన వేరే దేశాలవాళ్లు అక్కడే దొరుకుతారు, వాళ్లకూ స్నేహితులు కావాలి.

ఇవన్నీ అక్టోబర్‌లోనే మొదలుపెట్టాలి బుజ్జీ, ఇది మాత్రం పెడచెవిన పెట్టకు. ఆ నెల చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబర్‌కల్లా పొద్దున ఎనిమిదిన్నరకు తెల్లవారి సాయంత్రం నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది. వారంలో ఒక రోజైనా నీకోసం ఎదురుచూసే మనుషులు లేకపోతే గది, క్లాసు, మళ్లీ గది, అంతే బతుకు. అప్పుడు కొత్తగా పరిచయాలు వెతుక్కునే ఓపిక ఉండదు. నిద్ర పట్టక, తినబుద్ధి కాక రోజులు గడుస్తుంటే హాస్టల్లో చేసినట్టు దాచకు. యూనివర్సిటీలో విద్యార్థులకు ఉచితంగా మానసిక సలహా ఇచ్చేవాళ్లున్నారు, వాళ్లకు చెప్పు. నాకు ఏ అర్ధరాత్రయినా ఫోన్ చెయ్.

తలా ఒక వంటకం తెచ్చే విందుకు పిలిస్తే పులిహోర పట్టుకెళ్లు, చల్లారినా బాగుంటుంది. పల్లీలు వేశావని ఒక చీటీ రాసి గిన్నె పక్కన పెట్టు, పల్లీలు పడనివాళ్లకు అవి ప్రాణం మీదికి తెస్తాయి. ఇంగువలో కలిసేది చాలాసార్లు గోధుమపిండే, అదీ ఆ చీటీ మీద రాయి.

ఏ క్లాసులో చేరావో, ఏ రోజో, నవంబర్ మొదటి వారంలోపు నాకు రాయి. అక్క బెంగపడకుండా నేను సర్దిచెబుతాలే.

మీ పిన్ని