ఆస్తులున్నయ్ గానీ అర్ధరాత్రి పైసల్లేవ్!

ప్రశ్న: మాది వరంగల్. మా ఆయన ఎలక్ట్రికల్ షాపుల పని చేస్తరు, నెలకు 28 వేలొస్తయ్, నేను బ్లౌజులు కుట్టి ఆరేడు వేలు సంపాదిస్త. 5 లక్షల చీటీ ఉంది, ఇంక 9 నెలలు కట్టాలె, ఊరవతల చిన్న ప్లాటుంది, ఆరు తులాల బంగారం ఉంది. మొన్న మా మామయ్యకు రాత్రి గుండెల నొప్పొస్తే దగ్గర్లున్న ప్రైవేటు ఆసుపత్రికి తీస్కపోయినం, ఆడ ఆరోగ్యశ్రీ లేదన్నరు, ముందు డబ్బు కట్టమన్నరు, ఆఖరికి తెలిసినాయన దగ్గర మూడ్రూపాయల మిత్తికి 2 లక్షలు తెచ్చినం. ఇన్ని ఉండి అప్పు చేసుడేంది? చేతిల ఎంతుంచుకోవాలె, ఎక్కడ పెట్టుకోవాలె? మా ఆయనేమో బ్యాంకుల ఉత్తగ పెడితే ఏమొస్తది అంటరు.

జవాబు: బ్యాంకులో పెడితే పెద్దగా రాదు, నిజమేనమ్మా, కానీ ఆయన్ని అప్పు లెక్క కూడా వేయమనండి. మూడ్రూపాయలంటే ఏడాదికి 36 శాతం, 2 లక్షలకు నెలకు 6 వేలు, అంటే మీరు కుట్టిందంతా దాదాపు మిత్తికే పోతోంది. అందుకే ముందు అది తీర్చేయండి. బీరువాలో బంగారం పెట్టుకుని బయట మూడ్రూపాయలకు తేవడం ఏంటో, తాకట్టంటే మనవాళ్లకి అదో నామోషీ! ప్రభుత్వ బ్యాంకుల్లో గోల్డ్ లోన్ మామూలుగా రూపాయి వడ్డీ లోపే దొరుకుతుంది, అంటే నెలకు 2 వేల లోపు. మిగిలే 4 వేలే మీ ఎమర్జెన్సీ ఫండ్‌కి మొదలు. చీటీ డబ్బులొచ్చాక నగలు విడిపించుకోండి, మిగిలింది కూడా ఫండ్‌లోకే, ఇంకో ప్లాటుకి కాదు. ప్లాటు రాత్రికి రాత్రి అమ్ముడుపోదు, చీటీ పాటేమో నెలకోసారే.

ఎంతంటే, కిరాయి, కిరాణా, కరెంటు, ఫీజులు, మామయ్య మందులు, చీటీ కిస్తు అన్నీ కలిపి రాయండి, 25 వేలైతే మూడు నెలలకి 75 వేలు. ఆర్నెల్లకి సరిపడా ఉండాలంటారు గానీ అది తర్వాత చూద్దాం. జీతం పడే అకౌంట్లో వద్దు, ఫోన్‌పేకి లింకైన దాంట్లో అసలే వద్దు, తెలియకుండానే కరిగిపోతుంది. ఇద్దరి పేరు మీద వేరే అకౌంట్ తీసుకుని ఇద్దరికీ చెరో ఏటీఎం కార్డు అడగండి. అందులో 30 వేలు ఉంచి మిగతాది 10 వేల చొప్పున చిన్న చిన్న ఎఫ్‌డీలు వేయండి, ఒకటే పెద్దది వేస్తే 8 వేలు కావాల్సొచ్చినా చాలాసార్లు మొత్తం తీసేయాల్సొస్తుంది. ఇంట్లో 5 వేలు నోట్లుగా ఉంచండి, సర్వర్ డౌన్ అయ్యే రోజులుంటాయి కదా.

ఇంకోటి, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, కానీ లిస్టులో ఉన్న ఆసుపత్రికి వెళ్తేనే. మీకు దగ్గర్లో గుండె కేసులు చూసేది ఏదో పగలు తీరిగ్గా వెళ్లి ఆరోగ్యమిత్రని (ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ సంగతులు చూసే ఉద్యోగి) అడిగి తెలుసుకోండి, పేరూ నంబరూ ఫ్రిజ్ మీద అంటించండి. మీవారికి 50 దాటకపోతే బ్యాంకులోనే ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్ష బీమా తీసుకోండి, ఒక్కోటి 2 లక్షలు, రెండోది ప్రమాదాలకే.

ప్రశ్న: లక్ష లిమిట్ క్రెడిట్ కార్డుంది, వేరే ఫండ్ ఎందుకు?

జవాబు: బిల్లు గడువులోగా మొత్తం కట్టగలిగితే ఓకే. మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టమనే కొంత మొత్తం, అదొక్కటే కట్టి నెట్టుకొస్తే చాలా కార్డులు నెలకు మూడున్నర శాతం దాకా గుంజుతాయి, పైన చెప్పిన మూడ్రూపాయల అప్పే నయం. ఏటీఎంలో ఆ కార్డుతో క్యాష్ తీస్తే వడ్డీ ఆ రోజు నుంచే మొదలు.