అత్తమ్మ చేతికి పని ఇవ్వడం తప్పా?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. అత్తమ్మకు 73 ఏళ్లు. అల్జీమర్స్ అని ఏడాది కిందట డాక్టరు చెప్పారు. మెదడుకు పని పెట్టాలని మావారు ఫోన్లో జ్ఞాపకశక్తి ఆటలు పెట్టారు, బెంగళూరులో ఉన్న మరిది 500 ముక్కల పజిల్ పంపాడు. రెండూ విసిరికొట్టింది. చిక్కుడుకాయలు ముందు పెడితే మాత్రం కదలకుండా కూర్చుని ఈనెలు తీస్తుంది. అది చూసి మా ఆడబిడ్డ ‘జబ్బు మనిషితో చాకిరీ చేయిస్తున్నావా’ అని నలుగురిలో అంది. అప్పటినుంచి ఏమీ ఇవ్వడం లేదు. ఇప్పుడు రోజంతా గుమ్మం దగ్గర లేస్తూ కూర్చుంటూ ‘ఇంటికి పోదాం పా’ అంటుంది. వయసులో ఉన్నప్పుడు పొగాకు గ్రేడింగ్‌కు వెళ్లేది. ఏ ఆటలు ఆడించాలి? ఆడిస్తే జ్ఞాపకం తిరిగొస్తుందా?

జవాబు: తిరిగిరాదమ్మా. ఏ ఆటా అల్జీమర్స్‌ను వెనక్కి తిప్పదు. ఇంట్లో అందరూ ఆ ఆశ ముందు వదులుకుంటే ఆవిడకు సగం బరువు తగ్గుతుంది. అలాగని ఆటలు వృథా కాదు. బ్రిటన్‌లో తయారైన ఒక పద్ధతిలో జబ్బు తొలి, నడిమి దశల్లో ఉన్నవాళ్లను కొద్దిమందిని కూర్చోబెట్టి, వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాల చొప్పున, ఏడు వారాల్లో 14 సార్లు ఆటలు, పాటలు, కబుర్లు నడుపుతారు. దానివల్ల ఆలోచనలో, మాటలో, రోజు గడిచే తీరులో కొంత మేలు కనిపించింది. మందులు మందులే, ఇది వాటి పక్కన నడవాల్సింది.

చిక్కుడుకాయలు మళ్లీ ఇవ్వండి. ఈ జబ్బులో నిన్నటి సంగతి ముందు పోతుంది. ఏళ్ల తరబడి చేతులు చేసిన పని మాత్రం చాలాకాలం నిలుస్తుంది. ఫోను ఆటలో బొమ్మ చూపించి దాచేసి ఎక్కడుందో చెప్పమంటారు, అంటే పోయినదాన్నే పనిగట్టుకుని అడగడం. పైగా గడియారం పరుగు, మధ్యలో ప్రకటనలు, పొడిబారిన వేలికి స్పందించని తెర. విసిరికొట్టక ఏం చేస్తుంది? చాకిరీకీ దీనికీ తేడా చెప్పమంటే, చాకిరీలో లెక్క ఉంటుంది, ఇన్ని కావాలి, ఈలోగా కావాలి అని. ఇక్కడ పది కాయలు తీసి లేచిపోయినా ఎవరూ అడగరు. ఈ మాట మీ ఆడబిడ్డకు మీరు కాదు, మీవారు చెప్పాలి.

ఇచ్చే తీరులోనే చాలా ఉంది. స్టీలు పళ్లెం మెరుస్తుంది, కళ్లకు తికమక. తెల్ల దుప్పటి మీద మల్లెమొగ్గలు పోస్తే ఆవిడకు కనిపించవు. ముదురు రంగు గుడ్డ పరిచి దానిమీద పెట్టండి. వెలుగు పక్కనుంచి పడాలి, టీవీ ఆపాలి, కళ్లద్దాలు తుడిచి పెట్టాలి. మీరు ఎదురుగా కూర్చుని మాట్లాడకుండా రెండు కాయలకు ఈనె తీయండి, మూడోది ఆవిడ చేతిలో పెట్టండి. ‘ముందు కొన తుంచి, ఈనె లాగి, గింజ పుచ్చిందేమో చూసి...’ అని ఒక్క ఊపిరిలో చెబితే మొదటి మాటకే దారి తప్పుతుంది. ఒకసారికి ఒకే మాట.

పని మొత్తం రాకపోతే అందులో వచ్చే ముక్క ఇవ్వండి. కనకాంబరాలు కట్టేటప్పుడు ముడి వేయలేకపోతే ఆవిడ పూలు జతలు జతలుగా పేరుస్తుంది, మీరు కడతారు. దారం కంటే తడిపిన అరటినార నయం, వేళ్లలో జారదు. గోంగూర ఆకు తుంచడం, వేరుశనగకాయలు వొలవడం, ఉతికిన తువ్వాళ్లు మడవడం కూడా ఈ కోవలోవే. కత్తిపీట, పొయ్యి దగ్గర పనులు వద్దు.

మీ ఉత్తరంలో నాకు బాగా అక్కరకొచ్చిన మాట పొగాకు గ్రేడింగ్. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడికి ఆరబెట్టే గదిలో, కాగిన ఆకును రంగు చూసి, నాణ్యం చూసి వేరు చేసిన చేతులవి. అలాగని పొగాకు మాత్రం ఇవ్వొద్దు, దుమ్ము, నికొటిన్ రెండూ చేటు. దర్జీ దగ్గర మిగిలే రవిక గుడ్డల ముక్కలు జానెడు సైజువి ముప్పై తీసుకోండి. పసుపు, ఎరుపు, ముదురు ఆకుపచ్చ, ఈ మూడు రంగులు చాలు. మూడు గంపలు పెట్టి ఒక్కోదాంట్లో ముందే ఒక ముక్క వేసి ఉంచండి. నీలం, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టకండి, ఆ వయసు కళ్లకు అవి కలిసిపోతాయి. తేలిగ్గా చేస్తుంటే ఒకే రంగులో లేత, ముదురు వేరు చేయమనండి. అచ్చం గ్రేడింగే. ఒక్క జాగ్రత్త: ఆవిడ వేరు చేసినవి ఆవిడ కళ్లెదుట కలపొద్దు. అంత పనీ బూడిదలో పోసినట్టు తోస్తుంది. ‘బాగా చేశావమ్మా’ అని లోపలికి తీసుకెళ్లి, రేపటికి కలిపి పెట్టుకోండి.

ఇక ఆటలు. వామనగుంటల్లో ఏడేసి గుంటలు రెండు వరసలు, మామూలుగా గుంటకు ఐదు గింజలు. ముందుకు లెక్కేసుకుని ఆడే ఆట అది, ఇప్పుడు ఆవిడకు భారం. కోడిగుడ్ల అట్ట ట్రే కత్తిరించి మూడేసి గుంటలు రెండు వరసలు చేయండి, గుంటకు నాలుగు గింజలు. గెలుపోటములు తీసేయండి. ఒక గుంటలోవి తీసి వరసగా ఒక్కోటి వేసుకుంటూ పోవడమే ఆట, చేతికి తెలిసిన భాగం అదే. చింతపిక్కలు, గవ్వలు వాడొచ్చు. గురివింద గింజలు మాత్రం ఇంట్లోనే ఉంచకండి, నమిలితే విషం. ఏ వస్తువైనా నోట్లో పెట్టుకునే అలవాటు మొదలైతే గింజల ఆటలన్నీ ఆపేయాలి.

అష్టాచెమ్మాలో గవ్వలు వేయడం ఆవిడ వంతు, కాయ జరపడం పిల్లల వంతు. ఎనిమిది పడ్డాయని మనవడు అరిస్తే ఆవిడకూ హుషారు వస్తుంది. గళ్లు సుద్దతో లావుగా గీయండి. తనే కాయ జరుపుతానని తిరగేసి నడిపితే నడపనివ్వండి, పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

మరిది పంపిన పజిల్ అటక మీద పెట్టండి. ఒంగోలు గిత్త ఫోటోనో, పెళ్లి ఫోటోనో ఏ4 సైజులో ముద్రించి అట్టకు అంటించి నాలుగు ముక్కలుగా తిన్నగా కోయండి. కోత ముఖం మీదుగా పోకూడదు, సగం కన్ను చూస్తే కంగారు పడతారు. నాలుగు సులువైతే ఆరు. ఒక ముక్క మీరు పెట్టి, చివరి ముక్క ఆవిడకు వదలండి.

అన్నిటికంటే ముందు మానాల్సింది ఒకటుంది: ‘నేనెవరో చెప్పు’, ‘ఈరోజు ఏ వారం’, ‘గుర్తుందా?’ అవి డాక్టరు గదిలో పరీక్ష ప్రశ్నలు. ఇంట్లో ఇష్టం అడగండి. రెండు చీరలు చూపి ‘ఏది బాగుంది?’ అంటే తప్పు జవాబు ఉండదు. చేటో, తాటాకు విసనకర్రో చేతికిచ్చి ఊరుకుంటే మాట దానంతటదే వస్తుంది. తెలిసిన పద్యం మీరు సగం చదివి ఆగండి, మిగతా సగం ఆవిడ అందుకుంటే అందుకుంటుంది, లేకపోతే మీరే పూర్తి చేయండి.

స్నానం, టిఫిను అయ్యాక పొద్దున పూట మంచిది. పదిహేను, ఇరవై నిమిషాలు చాలు, విసుగు రాకముందే ఆపాలి. పొద్దువాలే వేళ అలజడి ఎక్కువవుతుంది, అప్పుడు కొత్త ఆటలు వద్దు. దీపాలు ముందే వేసి, పాత పాటలు పెట్టి, తువ్వాళ్లు మడవనివ్వండి. ‘ఇంటికి పోదాం’ అంటే ‘ఇదే మనిల్లు’ అని వాదించకండి. ‘పోదాంలే, ముందు ఈ నాలుగు మడత పెడదాం’ అనండి. విసిరితే వస్తువు నెమ్మదిగా తీసేసి, ఒంటేలుకో దాహానికో నొప్పికో బాధపడుతోందేమో చూడండి. చెప్పలేకే విసురుతారు.

రెండు మూడు రోజుల్లోనే మనిషి బాగా మారితే, మత్తుగా పడి ఉన్నా, ఎన్నడూ లేని భ్రమలు వచ్చినా, జబ్బు ముదిరిందని సరిపెట్టుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మన ఎండలకు ఒంట్లో నీరు, ఉప్పు తగ్గడం, కొత్తగా వేసిన మాత్ర, ఇవన్నీ ఇలాగే కనిపిస్తాయి. ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బి12, థైరాయిడ్ ఇదివరకు చూడకపోయి ఉంటే ఒకసారి చూపించండి. చెవి వినికిడి, కంటి శుక్లాలు కూడా. వినపడని మనిషిని ఆట రాదనుకోవడం చాలా ఇళ్లలో జరిగేదే.

మీ ఆడబిడ్డను ఈసారి వచ్చినప్పుడు ఒక పూట అమ్మ పక్కన కూర్చోమనండి. గుడ్డముక్కల గంపలు ఆమె ముందుకు జరిపి మీరు కాసేపు నిద్రపోండి. తల్లికి ఈ పని ఎందుకో ఆమెకు మాటలతో కంటే అలా త్వరగా తెలుస్తుంది. ఆమె రాకపోయినా, వారంలో ఒక పూట మీవారు చూసుకోవడం తప్పనిసరి చేయండి. పెద్దవాళ్ల గురించి ఏ సాయం కావాలన్నా ఎల్డర్‌లైన్ 14567, మీకే మనసు బరువెక్కితే టెలి మానస్ 14416. రెండూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.