పిల్లలకు పరలోకం గురించిన పుస్తకాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఈ వేసవిలో మా మామగారు ప్రభువునందు నిద్రించారు. ఆయన చేతుల్లో పెరిగిన మా ఆరేళ్ల బాబుకు ఓదార్పుగా ఉంటుందని బంధువులు పరలోకం గురించిన రంగురంగుల బొమ్మల పుస్తకం పంపారు. అందులో మేఘాల మీద ఆటస్థలం, రెక్కలొచ్చిన తాతయ్య ఉన్నారు. అది విన్నప్పటి నుంచి వాడు "మనమూ తాతయ్య దగ్గరికి ఎప్పుడు వెళ్తాం?" అని అడుగుతున్నాడు. ఆ పుస్తకం దాచెయ్యమంటారా? ఇలాంటి వాటిలో మంచివి ఏవి?
– ఒక తల్లి, సఖినేటిపల్లి

జవాబు: అమ్మా, ముందు బాబు మాట సంగతి చూద్దాం. చనిపోయినవారు తిరిగి రారన్న సంగతి ఆ వయసులో చాలామంది పిల్లలకు పూర్తిగా అర్థం కాదు. మీ రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లి సాయంత్రానికి వచ్చేసినట్టే అదీ ఒక ప్రయాణమనుకుంటారు. కాబట్టి కంగారు పడకండి, అలాగని మాట మార్చనూ వద్దు. తాతయ్య శరీరం పనిచేయడం ఆగిపోయిందనీ, ఆయన మళ్లీ ఇంటికి రారనీ, అది మనంతట మనం వెళ్లే చోటు కాదనీ, నువ్వు మా దగ్గరే పెరిగి పెద్దవాడివి కావాలనీ సూటిగా చెప్పండి. వారాలు గడిచినా అదే మాట అంటూ, తిండీ నిద్రా తగ్గితే మాత్రం పిల్లల వైద్యుడికి చూపించండి. ప్రార్థన ఎలాగూ చేస్తారు. రెండూ కలిసే సాగవచ్చు.

పుస్తకం దాచనక్కరలేదు. దాచిన పుస్తకం మీదే పిల్లలకు ధ్యాస ఎక్కువ. పక్కన కూర్చుని చదువుతూ, తప్పున్నచోట ఆగి సరిచేయండి. చనిపోయినవారు దేవదూతలైపోతారని బైబిలు ఎక్కడా చెప్పలేదు. మత్తయి 22:30లో పునరుత్థానమందు దేవదూతల వలె ఉంటారన్నది పెళ్లి గురించిన ప్రశ్నకు జవాబే గాని రెక్కల గురించి కాదు. మేఘాల మీద ఇల్లు కూడా చిత్రకారుల కల్పనే. ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో పరిశుద్ధ పట్టణమే దేవుని యొద్దనుండి దిగివస్తుంది, దేవుడు మనుషులతో కాపురముంటాడు. ఈ మాట బొమ్మల పుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది. అడిగిన బొమ్మల్లా దొరికే దుకాణంలా పరలోకాన్ని గీసి, దేవుణ్ణి ఒక మూలకు నెట్టేసే పుస్తకాలు చూస్తే నాకు విసుగొస్తుంది. మీ బాబు ఇప్పుడే బయలుదేరదామనడంలో తప్పు వాడిది కాదు, ఆ బొమ్మలది.

మంచివి ఏవని అడిగారు. పాతదైనా నేను మొదట చెప్పేది జాన్ బన్యన్ పుస్తకమే. తెలుగులో "యాత్రికుని ప్రయాణము"గా మనవాళ్లకు తెలిసినదే. 1678లో వచ్చిన మొదటి భాగంలో పరలోక పట్టణానికి ముందు, మరణానికి గుర్తుగా, ఒక లోతైన నది ఉంటుంది, దానికి వంతెన ఉండదు. అందులో దిగిన కథానాయకుడు క్రిస్టియన్ మునిగిపోతూ భయంతో కేకలు వేస్తుంటే, తోటి యాత్రికుడు అతని తల నీటిపైన నిలిపి పట్టుకుంటాడు. 1684 నాటి రెండో భాగంలో అతని భార్య క్రిస్టియానా నది దాటేటప్పుడు తోటివారు సంతోషంతో వాద్యాలు వాయిస్తుంటే, ఆమె పిల్లలు మాత్రం ఏడుస్తారు. వాళ్లను ఎవరూ తప్పుపట్టరు, వాళ్లు ఇవతలి ఒడ్డునే ఉండి బతుకు సాగిస్తారు. మీ బాబు వినవలసినది ఈ ఘట్టమే. పుస్తకమంతా ఆరేళ్లవాడికి బరువు గనుక ఆ నాలుగు పేజీలు మీ మాటల్లో చెప్పండి.

ఇంగ్లీషు చదవగలిగితే, డోరిస్ స్టిక్నీ 1982లో ప్రచురించిన తూనీగల కథ ఒకటుంది. నీటి అడుగున ఉండే పురుగు కాడ పట్టుకుని పైకి పాకి తూనీగ అవుతుంది, ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా నీళ్లలోకి తిరిగి రాలేదు. మన వరిచేలలో తూనీగలు చూసే పిల్లలకు ఇట్టే అందుతుంది. అయితే ఆ కథలో క్రీస్తు పునరుత్థానం రాదు. దాన్ని మీరే జతచేయాలి. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు బాబును కూడా తీసుకువెళ్లి, తాతయ్య సమాధి మీద కొవ్వొత్తి వాడి చేతనే వెలిగించండి. "ఏడవకూడదు" అని పిల్లలకు చెప్పే పుస్తకాన్ని మాత్రం ఇంట్లో ఉంచకండి. చనిపోయిన తన స్నేహితుడు లాజరును బతికించి లేపబోతున్నానని తెలిసీ యేసు కన్నీళ్లు విడిచాడు.

ప్రశ్న: మా వి.బి.ఎస్.లో (వేసవి సెలవుల బైబిలు బడిలో) పెద్ద పిల్లలకు, పరలోకం చూసి తిరిగొచ్చిన బాలుడి కథ చదివిద్దామనుకుంటున్నాం. సరైనదేనా?
– సండే స్కూల్ టీచర్, భీమవరం

జవాబు: వద్దంటాను. 2010లో అమెరికాలో టిండేల్ హౌస్ ప్రచురించిన "ద బాయ్ హూ కేమ్ బ్యాక్ ఫ్రమ్ హెవెన్" సంగతి గుర్తుచేసుకోండి. కారు ప్రమాదంలో గాయపడిన బాలుడు పరలోకం చూసి వచ్చాడన్న ఆ పుస్తకం బాగా అమ్ముడైంది; 2015 జనవరిలో ఆ అబ్బాయే తాను చనిపోలేదనీ, పరలోకానికి వెళ్లలేదనీ, అందరి దృష్టి తన మీద పడాలని అలా చెప్పాననీ రాశాడు. ప్రచురణకర్తలు పుస్తకాన్ని ఉపసంహరించుకున్నారు. ఇలా రాసినవారంతా అబద్ధాలాడారని నేననను. కాని పన్నెండేళ్ల పిల్లల నమ్మకాన్ని ఒక సాక్ష్యానికి ముడిపెడితే, ఆ సాక్ష్యం వీగిపోయిన రోజున బైబిలు మీద కూడా వాళ్లకు అనుమానమొస్తుంది.

ఆ సమయాన్ని యోహాను 11వ అధ్యాయానికి ఇచ్చి, పిల్లల చేతనే నాటికగా ఆడించండి. నాలుగు రోజులు సమాధిలో ఉన్న లాజరు లోపల ఏం చూశాడని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు; సువార్తలో అతను ఒక్క మాటైనా మాట్లాడినట్టు లేదని, పేజీ తెరిచి వాళ్లకే చూపించండి.