సందేహాలు – సమాధానాలు: స్ప్రింగును ఎక్కుపెట్టవచ్చునా?

ప్రశ్న: మా పాత అంబాసడర్‌కు వెనక కమాన్ కట్టలు (ఇనుప బద్దల స్ప్రింగులు) తీయించి కాయిలోవర్లు (చుట్ట స్ప్రింగు తొడిగిన షాకబ్జార్బర్లు) వేయిస్తున్నాము. ‘రింగు తిప్పి స్ప్రింగును కొంచెం ఎక్కుపెట్టాలి’ అంటాడు మేస్త్రీ. తుపాకీని ఎక్కుపెడతారు గాని స్ప్రింగును ఎక్కుపెట్టడమేమిటి? ఇలా స్ప్రింగును ముందే బిగించి ఉంచే ప్రీలోడ్‌ను ‘పూర్వభారం’ అంటే బాగుంటుందా? చుట్ట స్ప్రింగును కూడా కమాను అనవచ్చునా? – ఒక పాఠకుడు, కావలి

సమాధానం: మీ మేస్త్రీ సరిగానే అన్నాడు. తప్పల్లా తుపాకీ దగ్గరే ఉంది.

ఎక్కుపెట్టడం వింటికి చెందిన పని. ఊరకున్న విల్లు ఇంచుమించు తిన్నని బద్ద. నారి ఒక కొసను కట్టే ఉంటుంది. బద్దను వంచి రెండో కొసను వింటికొప్పు మీదికి ఎక్కించాలి. నారి ఎక్కుతుంది గనుకనే అది ‘ఎక్కు’. సంస్కృతం వాడూ ఇదే దారి తొక్కాడు: ధనురారోపణం. ఆరోపించడమంటే పైకి ఎక్కించడమే. నారి ఎక్కిన విల్లు ‘అధిజ్యం’. బాలకాండలో శివధనుస్సు ఘట్టం చూడండి. రాముడు ముందు నారి ఎక్కించాడు, తర్వాత నిండుగా లాగాడు, అప్పుడు నడిమికి విరిగింది. ఎక్కుపెట్టడం వేరు, లాగడం వేరు, గురి చూడటం ఇంకా వేరు. బాణాన్ని సంధిస్తారు, నారిని సారిస్తారు, లక్ష్యానికి గురిపెడతారు. మన పత్రికలకు ఇవన్నీ ఒకటే. నారే లేని తుపాకీని ఎక్కుపెడతారు, విమర్శలు ఎక్కుపెడతారు, ‘ఆరోపణలు ఎక్కుపెట్టారు’ అని కూడా రాస్తారు. ఆరోపణ అన్నాక మళ్లీ ఎక్కుపెట్టడం దేనికి? ప్రశ్నలను ‘సంధించి’ ఊరుకుంటారు. పాపం, ఆ ప్రశ్న నారి మీదనే ఉంది, ఇంకా వదలలేదు!

మనుమసిద్ధి ఏలిన నెల్లూరిలో ఉండి తిక్కన తెనిగించిన పదిహేను పర్వాలలో మొదటిది విరాటపర్వం. ఆ కథలో పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచేముందు ఒక్కొక్కరే వింటి నారి విప్పుతారు. వంచి ఉంచిన బద్ద నెలల తరబడి అలాగే ఉంటే చేవ చస్తుంది. ఎక్కుపెట్టిన విల్లు బాణం తొడగకముందే బిగువుతో ఉంటుందన్నమాట.

ఇక మీ షెడ్డుకు వద్దాం. కాయిలోవర్ షాకబ్జార్బర్ ఒంటి మీద మర ఉంటుంది. రింగు ఆ మర మీద ఎక్కేకొద్దీ, బండి బరువు ఇంకా పడకముందే స్ప్రింగు నొక్కుకుని బిగుస్తుంది. వింటికి నారి చేసే పని ఇక్కడ రింగు చేస్తోంది. ఇంతకంటే అతికే మాట నాకు తోచదు.

‘పూర్వభారం’ మాత్రం వద్దు. అందులో భారమేదీ లేదు. పైగా ఆ పేరు విని, స్ప్రింగు గట్టిపడి ఎక్కువ బరువు మోస్తుందనుకుంటారు. ఉదాహరణకు ఒక వైపు స్ప్రింగు మీద పడే బరువు 250 కిలోలు, స్ప్రింగు మిల్లీమీటరుకు 5 కిలోలది (ఒక మిల్లీమీటరు నొక్కాలంటే 5 కిలోల బరువు కావాలి), షాకబ్జార్బర్ నడక, అంటే అది మొత్తం కదలగల దూరం, 100 మిల్లీమీటర్లు, అది నిలువుగా ఉంది అనుకోండి. ఎక్కుపెట్టకపోతే బండి 50 మిల్లీమీటర్లు దిగుతుంది. 10 ఎక్కుపెడితే 40 మాత్రమే దిగి, గుంతలకు 60 మిగులుతుంది. కోరదగినది ఇంచుమించు ఆ 60–40 పాలే. స్ప్రింగు మాత్రం అదే 5 కిలోలది. నారి ఎక్కించినంత మాత్రాన బద్ద మందం కాదు. 50 దాటి ఎక్కుపెట్టారో, బండి బరువుకు స్ప్రింగు కదలనే కదలదు, చక్రం గుంతలోకి దిగేందుకు జాగా ఉండదు, వెనక టకటకలాడుతుంది. అంత అవసరం పడిందంటే స్ప్రింగే మెత్తనిది, మార్చాలి. షాకబ్జార్బర్‌ను వాల్చి బిగించినా స్ప్రింగు మెత్తబడుతుంది: 30 డిగ్రీలు వాలితే చక్రం దగ్గర ముప్పాతిక బలమే, 45కు సగమే.

రింగు తిప్పేముందు బండిని జాకీ మీద ఎత్తి, స్టాండ్లు పెట్టి, ఇరుసును వేలాడనివ్వాలి. మర తుడిచి నూనె వేయాలి. బరువు మీద తిప్పితే మర చెడుతుంది. విల్లుకు ఎక్కు దించినట్టు దీనికీ దించే పద్ధతి ఉంది: స్ప్రింగు బిగువుగా ఉండగా పై నట్టు విప్పకూడదు. ముందు రింగు పూర్తిగా దించాలి, అప్పటికీ వదులు కాకపోతే స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ పెట్టాలి. లేకుంటే స్ప్రింగు ఎగిరి మొహాన కొడుతుంది.

మూడో సందేహం కమాను. ఇది పారసీ మాట, అర్థం విల్లే. ద్వారపు కమాను, ఫిడేలు కమాను దాని తోబుట్టువులు. బండి కింది ఇనుప బద్దల కట్ట వింటి వంపుతోనే ఉంటుంది గనుక పేరు చక్కగా కుదిరింది. చుట్టకు ఆ వంపు లేదు. అయితే నేను వెనకాడటానికి కారణం అది కాదు. కమాన్ కట్ట బరువు మోయడమే కాక ఇరుసును ముందువెనకలకు, పక్కలకు జరగకుండా పట్టుకుంటుంది. చుట్ట ఆ పని చేయదు. ‘ఈ కమాను తీసి ఆ కమాను వేయి’ అంటే ఇరుసును పట్టేవాడే లేకుండా పోతాడు. నాలుగు లింకు రాడ్లు, అవి సమాంతరంగా ఉంటే ఇరుసు పక్కలకు జరగకుండా అడ్డంగా పాన్‌హార్డ్ రాడ్డు కావాలి. వాటి రబ్బరు బుష్‌ల బోల్టులు బండి చక్రాల మీద నిలిచాకే చివరి బిగింపు బిగించాలి. వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిబడి చిరుగుతుంది. పాత షాకబ్జార్బర్ కొక్కేలు ఊపును ఆపడానికే తప్ప బండిని మోయడానికి చేసినవి కావు. అంబాసడర్‌కు విడిగా ఛాసిస్ లేదు గనుక కాయిలోవర్ పై కొసను పట్టే కొక్కేన్ని డిక్కీ రేకుకు వెల్డింగు చేస్తే రేకు చినుగుతుంది; బండి అడుగున రెండు పక్కల ఉండే పొడుగు దూలాలను కలుపుతూ అడ్డ దూలం వేసి దానికి బిగించాలి.

కాబట్టి నేనైతే చుట్టను స్ప్రింగనే అంటాను. షెడ్డులో అందరూ కమాను అంటుంటే వారిని తప్పుపట్టను. పని చెప్పేటప్పుడు మాత్రం ‘కట్ట’, ‘చుట్ట’ అని విడదీసి చెప్పండి.