కేబుల్ లాగకముందే చేయవలసిన పని

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

అంబత్తూరు పారిశ్రామికవాడలో రెండంతస్తుల ఆఫీసుకు నెట్‌వర్క్ కేబులింగ్ పని నీకు అప్పగించారని అక్కయ్య ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. ఇన్నేళ్లుగా చెన్నైలో ఇదే పని చేస్తున్నవాడిగా అన్నిటికన్నా ముందు చెప్పేది ఒకటుంది: ప్లాను మీద ప్రతి పాయింటుకూ నంబరు పడనిదే ఒక్క కేబుల్ కూడా లాగనివ్వకు. పనంతా అయ్యాక తీరిగ్గా లేబుళ్లు అంటిద్దామనుకున్న ఆఫీసుల్లో ఆ తీరిక దొరకడం నేను ఎన్నడూ చూడలేదు.

రెండో అంతస్తు, ఎ రాక్ (పరికరాలు బిగించే బీరువా లాంటి చట్రం), బి ప్యానెల్ (కేబుళ్లన్నీ వచ్చి చేరే పలక), 17వ పోర్టు అయితే ‘2ఎ-బి17’ అని ప్యానెల్ మీద, గోడ సాకెట్ మీద, కేబుల్ రెండు కొసల మీద ఒకే విధంగా ఉండాలి. లేబుల్‌ను కొస నుంచి జానెడు లోపలికి అంటించు. మరీ కొసన ఉంటే పంచ్ చేసే (తీగలను ప్యానెల్‌లోకి, సాకెట్‌లోకి నొక్కి బిగించే) ముందు కత్తిరించిన ముక్కతో పాటే అది చెత్తలోకి పోతుంది. పెన్నుతో రాసినవి ఇక్కడి ఉక్కకూ చెమటకూ చెరిగిపోతాయి కనుక లేబుల్ ప్రింటర్ వాడు.

ప్యానెల్ నుంచి సాకెట్ వరకు 90 మీటర్లు, ప్యాచ్ కార్డులతో (రెండు చివరలా తగిలించే పొట్టి కేబుళ్లతో) కలిపి 100 మీటర్లు దాటరాదు. గోడ ఎక్కి, ట్రేలో తిరిగి, మళ్లీ కిందికి దిగే దూరమంతా లెక్కలోకి వస్తుందని మరచిపోకు. సెకనుకు పది గిగాబిట్ల వేగం కావాలంటే క్యాట్ 6 రకం కేబుల్ సుమారు 55 మీటర్ల వరకే పనికివస్తుంది. నూరు మీటర్లకు క్యాట్ 6ఎ వేయాలి. కరెంటు వైర్లకు దూరంగా లాగించు, దాటక తప్పనిచోట అడ్డంగా, లంబకోణంలో దాటించు.

జిప్ టైలు బిగించి కట్టడాన్ని నేను అసలు ఒప్పుకోను. బిగుతు ఎక్కువైతే కేబుల్ లోపల జతలుగా మెలిపెట్టిన తీగల మెలికలు నలిగి సిగ్నల్ దెబ్బతింటుంది, పైగా రేపు ఒక కేబుల్ మార్చాలంటే కట్టలన్నీ కోయాలి. వెల్క్రో పట్టీలే వాడు. కెమెరాలకూ వైఫై పరికరాలకూ ఇప్పుడు కేబుల్ ద్వారానే కరెంటు పోతోంది; 2018లో వచ్చిన ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టు నుంచి 90 వాట్ల దాకా ఇవ్వగలదు. పెద్ద కట్టలో మధ్యనున్న కేబుళ్ల వేడి బయటికి పోలేదు కాబట్టి కట్టకు 24కు మించనీయకు. పంచ్ చేసేటప్పుడు మెలికలను 13 మిల్లీమీటర్లకు మించి విప్పవద్దని కుర్రవాళ్లకు పక్కనే నిలబడి చూపించు.

ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీట్‌లో చవకగా దొరికే కేబుల్ పెట్టెల్లో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఉండవచ్చు. కొనేముందు బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా కనిపిస్తే వదిలేయి. రాక్‌ను మాత్రం కింది అంతస్తులో పెట్టనివ్వకు. 2015 డిసెంబరు వరదలు చూసిన ఊరిది.

చివరగా, దీపాలు వెలిగే చిన్న టెస్టర్‌తో సరిపెట్టకు, అది తీగలు కలిశాయని మాత్రమే చెబుతుంది. సర్టిఫికేషన్ టెస్టర్ (కేబుల్ ప్రమాణానికి తగ్గట్టు పనిచేస్తోందో లేదో కొలిచేది) అద్దెకు తెచ్చి ప్రతి పోర్టు రిపోర్టునూ, సరిదిద్దిన ప్లానునూ యజమానికి అప్పగించి, ప్లాను ప్రతి ఒకటి రాక్ తలుపు లోపలివైపు అంటించు.

ఇట్లు,
నీ మావయ్య